మాట పోయిన నటుణ్ణి చూడటానికి

శనివారం ఉదయం తొమ్మిదింబావుకు మా అమ్మాయి శైలజ నన్ను న్యూజెర్సీలోని పార్సిప్పనీలో బస్సులు ఆగే చోట దింపింది. న్యూయార్క్ బస్సు తొమ్మిదిన్నరకు. టికెట్ ఫోన్‌లోనే ఉంది. మీరెప్పుడైనా వెళ్తే, పెద్దవాళ్లకు రాయితీ ఉంటుంది, అడగడం మరవకండి.

నేను వెళ్తున్నది కురతాని అనే జపాన్ నటుడి కోసం. కుర్రవయసులో కత్తి పట్టిన వీరుల వేషాలతో, నిండైన కంఠంతో పేరు తెచ్చుకున్నాడు. నడివయసులో గొంతుకు ఆపరేషన్ జరిగి ఆ కంఠం పోయింది. ఆయన మంచి సినిమాలన్నీ ఆ తర్వాతే వచ్చాయని ఒకచోట చదివాను. అది చదివిన దగ్గర్నుంచి నాకు కుదురు లేదు. తెనాలి చుట్టుపక్కల ముప్పై ఏళ్లు పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడినవాణ్ణి నేను. నాలుగేళ్ల కిందట నా గొంతుకూ ఆపరేషన్ అయింది. గుసగుస మాత్రం మిగిలింది. అప్పటినుంచి నాటకం ఆడే చోటికి వెళ్లలేదు. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఆయన సినిమా ఒకటి వేస్తున్నారని తెలిసి, ఒక్కణ్ణే వెళ్తానని పట్టుబట్టాను.

బస్సులో నా పక్కన ఒక తెలుగమ్మాయి కూర్చుంది. నర్సట, డ్యూటీకి వెళ్తోంది. నా గుసగుస విని తనూ గొంతు తగ్గించింది. నాతో అందరూ అలాగే చేస్తారు.

"అంకుల్, ఫస్ట్ టైమా? రిటర్న్ బస్ వేరే గేట్ నుంచి ఉంటది. దిగగానే ఇన్ఫర్మేషన్ కౌంటర్‌లో అడిగి, గేట్ నంబర్ ఫోటో తీస్కోండి."

న్యూయార్క్‌లో దిగగానే అలాగే తీసుకున్నాను. ఆ బస్‌స్టేషన్ ఎన్ని అంతస్తులో నాకు ఇప్పటికీ తెలియదు.

క్వీన్స్ రైలు నది కింద నుంచి పోయి, పైకి వచ్చి, ఇళ్ల పై అంతస్తుల పక్కనే నడుస్తుంది. పన్నెండుకు హాలు దగ్గర ఒక గ్రీకు హోటల్లో పప్పు సూప్ తాగాను. గట్టివి మింగడం నాకు కష్టం.

ఒంటిగంటకు సినిమా మొదలైంది. కురతాని అందులో పడవ నడిపేవాడు. ఒక హత్య చూశాడు. నిజం చెబితే కూతురి కాపురం కూలిపోతుంది. సినిమా అంతా ఒక్క మాట అనడు. పోలీసు ఎదురుగా నిలబడి అడుగుతుంటే పడవ తాడు ముడి విప్పుతూ ఉంటాడు. ఆ ముడి ఎప్పుడో విడిపోయింది. అయినా వేళ్లు ఆగవు.

ఆట అయ్యాక మిచికో అనే పెద్దావిడ వేదికెక్కింది. కురతాని అమెరికా వచ్చినప్పుడల్లా ఆయనకు దుబాసీగా ఉండేదట. ప్రశ్నలుంటే అడగమన్నారు. నాకొక ప్రశ్న ఉంది. కానీ ఈ గొంతుతో అంతమంది ముందు లేవాలి. ముగ్గురు అడిగేదాకా కూర్చుని, నాలుగోవాడిగా లేచాను. మైకు నా గుసగుసను గోడలదాకా మోసింది. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను.

"ఆపరేషన్ తర్వాత ఆయన ఏం చేశారు?"

"కోపంగా ఉన్నారు. ఎవరినీ ఇంటికి రానివ్వలేదు" అందావిడ. "నిర్మాతలు మూగవాడి వేషాలు తెచ్చారు. అన్నీ తిప్పి పంపారు. 'నేను మూగవాణ్ణి కాదు. మాట్లాడకపోవడానికి కారణం ఉన్న మనిషిని తీసుకురండి' అని కాగితం మీద రాసిచ్చారు. రెండేళ్లు ఎవరూ తేలేదు."

"అన్నాళ్లూ ఎదురుచూశారా?"

"లేదు. ఆ మనిషిని తనే రాసుకున్నారు. మీరిప్పుడు చూసింది అదే." ఆవిడ నావైపు తేరిపార చూసింది. "మీరూ నటులా?"

'ఒకప్పుడు' అనబోయి, "అవును" అన్నాను.

నాలుగున్నర బస్సు దొరికింది. ఊరు దాటాక దారంతా చెట్లే. ఆయన కంఠం పోయిన తర్వాత గొప్పవాడయ్యాడని చదివి వచ్చాను. మధ్యలో రెండేళ్ల కోపం ఉందని ఎవరూ రాయలేదు. నాకు ఎక్కువ ఊరట ఇచ్చింది ఆ కోపమే.

ఐదున్నరకు శైలజ కార్‌తో వచ్చింది.

"ఎలా ఉంది నాన్నా మూవీ?"

కథ మొదలుపెట్టాను. వినపడకపోతే ముందు అద్దాలు ఎత్తింది. తర్వాత ఏసీ ఆపింది. చివరికి ఒక షాపు పార్కింగ్‌లోకి తిప్పి ఇంజన్ కూడా ఆపేసింది. ఆపరేషన్ తర్వాత అంతసేపు మాట్లాడటం అదే మొదలు. హత్య దాకా వచ్చాను, పోలీసు దాకా వచ్చాను.

"మరి చెప్పేశాడా?" అంది.

నేను వెంటనే జవాబివ్వలేదు. తను నావైపు తిరిగి, ఊపిరి బిగబట్టి చూస్తోంది. పద్యం ఎత్తబోయే ముందు జనం అలా చూసేవాళ్లు. ఇంకొంచెం ఆగాను.