సొరతీగ ఇచ్చిన వాయిదా

పలమనేరు దగ్గర మా పాత పెంకుటింటి కప్పు బాగుచేయించాలని మూడు నెలలుగా మస్తాన్ మేస్త్రీ చుట్టూ తిరుగుతున్నాను. ఎట్టకేలకు ఈ రోజు పొద్దున వచ్చాడు. నిచ్చెన వేసుకుని పైకెక్కి, ఒక్క పెంకు కూడా ముట్టుకోకుండా దిగాడు.

"పైనంతా సొరతీగ అల్లుకోనుండాది అన్నా. నిండా పిందెలు. ఇప్పుడు కదిలిస్తే పాపం. కాపు అయిపోయినాక వస్తా."

"తీగ కాస్త పక్కకు జరపలేవా?" అన్నాను.

మస్తాన్ కంటే ముందు మా అమ్మ అందుకుంది. "పిందెల మింద చెయ్యేస్తే ఊరుకోను. ఈ చలికాలంలో వాన యాడొస్తాది? ఇల్లు యాడికి పోతాది?"

అమ్మే టీ ఇచ్చి, రెండు లేత కాయలు చేతిలో పెట్టి అతన్ని సాగనంపింది.

సొరకాయ కాపు ఎన్నాళ్లుంటుందో తెలిసినవాళ్లు చెప్పండి. ఈ మేస్త్రీ కోసం ఎదురుచూస్తూ, పొద్దుపోక ఆ గింజ నాటింది నేనే.