కారం గుడ్డలో పెరుగు

మొన్న సాయంత్రం మా మనవరాలు ఫోనులో ఏదో నొక్కితే ఇంటికి ఒక అట్టపెట్టె వచ్చింది. దాని మీద తెలుగులో నాలుగు ముక్కలు కనిపిస్తే కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ, "నూనె తక్కువ, రుచి ఎక్కువ" అని పైకే చదివాను. నేను చదవడం పూర్తయ్యేసరికి లోపలి సాండ్‌విచ్‌లు సగం అయిపోయాయి. నాకూ ఒక ముక్క పెట్టారు. చప్పగా ఉంది. ఉన్నమాట అన్నాను. నానమ్మకి నాలుక మండితే గాని తిన్నట్టుండదని అందరూ నవ్వారు. ఆ పెట్టె మీద రాసిన పనిని ఎనభైల్లోనే, ఇదే గుంటూరులో, కిరసనాయిలు స్టవ్వు మీద నేను ఏళ్ళ తరబడి చేశానని వాళ్ళకి తెలియదు. అప్పట్లో నాకు ఆ నాలుగు ముక్కలు చదవడం మాత్రం రాదు.

మా పుట్టిల్లు కనిగిరి వైపు మెట్టపల్లె. మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి చేతులు కావాలి గనక ఆడపిల్లలం బడి గడప తొక్కలేదు. పెళ్ళయి గుంటూరు వచ్చాక మా ఆయన దూది మిల్లులో మేస్త్రీ, నేను వంటింట్లో మేస్త్రీ. ఆ వంటింటి కిటికీకి సరిగ్గా ఎదురుగా, సందు దాటితే బడి వరండా. పిల్లలు ఇళ్ళకి పోయాక, నాలుగున్నరకి, ఒక పంతులమ్మగారు అక్కడ చదువురాని ఆడవాళ్ళని కూర్చోబెట్టి అక్షరాలు నేర్పేవారు. అత్తయ్య ఏ కళనున్నదో వెళ్ళమంది. వెళ్ళాను. పలక మీద 'అ' దిద్దిన రోజు ఇంటికొచ్చి పిండిలో వేలితో మళ్ళీ రాసుకున్నాను, ఎవరూ చూడకుండా. ఇలాంటి పిచ్చి మీలోనూ కొందరికి ఉండే ఉంటుంది.

అచ్చులు పూర్తికాకుండానే ఆయనకి గుండెల్లో నొప్పి వచ్చింది.

దానికి కారణం మిల్లు గేటు పక్కన ఉండే సాండ్‌విచ్ బండి అని డాక్టరుగారు చెప్పకముందే మాకు తెలుసు. ఆ రోజుల్లో అది కొత్త మోజు. పెనం మీద వెన్న ముద్ద వేసి, రెండు రొట్టె ముక్కలు అందులో ఈదించి, నడుమ వనస్పతిలో వేయించిన బంగాళాదుంప కూర కుక్కి, పైన మళ్ళీ మీగడ రాసి ఇచ్చేవాడట. నేనెప్పుడూ తినలేదు, చూడనూ లేదు. ఆయన చొక్కా జేబులో మరిచిపోయిన కాగితం వాసనే నాకు తెలిసిన సాండ్‌విచ్. మా పక్కింటి అక్క భర్త రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. అందులో ఏముంటుందని నేను అక్కని అడిగితే, "ఏముంటది పిల్లా, అంతా వెన్నే. మా ఆయన రొట్టె అందులో ఎక్కడో దాక్కుని ఉంటది" అంది.

డాక్టరుగారు వెన్నా వనస్పతీ మానాలన్నారు. ఆయన మానారు, దాంతోపాటు మాట్లాడటమూ మానేశారు. మిల్లు నుంచి వచ్చి గోడకేసి తిరిగి పడుకునేవారు. పెట్టింది కెలికి లేచేవారు. ఇలా అయితే ఏదో ఒకరోజు కాళ్ళు బండి వైపే లాగుతాయని అత్తయ్యకి భయం. ఒకనాడు నన్ను పిలిచి, "వాడికి ఆ దిక్కుమాలిన రొట్టె ఇంట్లోనే చేసిపెట్టు. వాడు మళ్ళీ ఆ బండి దగ్గరికి పోయాడంటే నీ చేతిలో రుచి లేనట్టే" అంది. నా కొడుకుని నువ్వే కాపాడాలి అని దాని అర్థం.

వెన్న లేకుండా వెన్నలాంటిది ఎలా అని ఆలోచించి, పెరుగుని గుడ్డలో మూటకట్టి కొయ్యకి వేలాడదీశాను. నీరంతా కారిపోతే గట్టిపడుతుంది కదా. బంగాళాదుంప బదులు సొరకాయ తురిమి, నీరు పిండేసి, ఉల్లిపాయ, కొత్తిమీరతో ఆ పెరుగులో కలిపి, రొట్టెల మధ్య పెట్టి, నూనె చుక్క లేని పెనం మీద వేసి, పైన వేడినీళ్ళ చెంబు బరువుగా ఉంచాను, బండివాడి రొట్టెలా అణిగి ఎర్రబడాలని. అంతా బాగానే ఉంది గాని, గుడ్డ దగ్గరే దెబ్బతిన్నాను. ఆవకాయకి కారం కొట్టించినప్పుడు పలచటి పంచెముక్కలో జల్లించుకోవడం మా ఇంటి అలవాటు. ఆ ముక్కని ఎన్నిసార్లు ఉతికినా ఘాటు పోదు. చేతికందిందే చాలని నేను పెరుగు కట్టింది దాంట్లోనే.

ఆయన మొదటి ముక్క కొరికి ఆగారు. చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తయ్య నా వంక చూసిన చూపుకి నేను గోడలో కలిసిపోతే బాగుండుననిపించింది.

"ఏమే, పెరుగు మండుతుందేంటే?" అన్నారు. నేను నోరు విప్పేలోపే, "ఇంకోటి వెయ్" అన్నారు.

అలా ఆయన మళ్ళీ మాట్లాడారు. ఆ రోజు నుంచి మిల్లు వదలగానే నేరుగా ఇంటికి రావడం మొదలుపెట్టారు. వీధిలో అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు. ఆ పొంగు తగ్గాక గాని తెలియలేదు, ఆయన ఇంటికొచ్చేది నాలుగున్నరకి అని.

ముందే చేసి మూతపెడితే రొట్టె నీరుకారి మెత్తబడేది. అత్తయ్యకి కిరసనాయిలు స్టవ్వంటే హడల్, ఎక్కడ పేలుతుందోనని గడప ఇవతలే నిలబడేది. ఒక్క గంట నన్ను వదలమని ఆయన్ని అడిగాను. ఆయన రొట్టె నములుతూనే, "నువ్వు చదివి కలెక్టరువవుతావా ఏంటి? అక్షరాలు ఊళ్ళో అందరికీ వచ్చు. ఇది నీకు తప్ప ఎవరికొచ్చు?" అన్నారు. ప్రేమగానే అన్నారు. తిట్టి తలుపేస్తే తన్నుకుని బయటపడొచ్చు, పొగిడి వేసిన తలుపుని ఏమని తన్నను?

కిటికీలోంచి వాళ్ళు కనిపించేవారు కాదు, వరండా స్తంభం అడ్డం. గొంతులు మాత్రం వినిపించేవి. క కా కి కీ అని వాళ్ళు పాడుతుంటే చెంబు నొక్కుతూ నేనూ గొణిగేదాన్ని. గుణింతాలన్నీ నాకు నోటికి వచ్చేశాయి. ఒక్కదాని రూపం కూడా తెలియదు. గొంతు తెలిసి ముఖం తెలియని చుట్టాల్లాంటివి.

ఆ ఏడు చివర్లో పంతులమ్మగారే గుమ్మంలోకి వచ్చారు. "ఏమ్మా, రేపు అందరిచేతా బోర్డు మీద వాళ్ళ పేర్లు రాయిస్తున్నాను. నీ పేరు రాసే చోటు ఖాళీగా ఉంచనా?" అన్నారు. అత్తయ్య ఆవిడ ముందు కాదనలేక తలూపింది. మర్నాడు సొరకాయ, పెరుగు కలిపి గిన్నెలో పెట్టి, రొట్టెలు కోసి, స్టవ్వు వెలిగించడానికి పక్కింటి అక్కని పిలుచుకోమని అత్తయ్యకి మరీమరీ చెప్పి వెళ్ళాను.

అత్తయ్య అక్కని పిలవలేదు. పరాయివాళ్ళు వంటింట్లోకి ఎందుకనుకుందో ఏమో, పెనం మీద కాల్చకుండా ఉత్త రొట్టెలోనే అంతా కుక్కి పెట్టింది. రోగిష్టి తిండి నాకెందుకని ఆయన చొక్కా తగిలించుకుని బండి దగ్గరికి పోయి తినొచ్చారట. నేను పంతులమ్మగారి చేతిరాత చూసుకుంటూ బోర్డు మీద నా పేరులో మొదటి అక్షరం రాశాను. రెండో అక్షరానికి చెయ్యెత్తాను. సందులోంచి అక్క గొంతు వినిపించింది.

"ఒసేయ్ పిల్లా, త్వరగా రావే! మీ ఆయన గుమ్మంలో కూలబడ్డాడు!"

సుద్దముక్క ఎక్కడ పడేశానో తెలియదు.

ఆయన బతికారు. అత్తయ్య పెదకాకాని శివాలయానికి మొక్కుకుంది, మొక్కు తీర్చుకుంది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, తిరిగి అనేదాన్ని. తప్పు నాది కాదని ఇప్పుడు ఇంత ధైర్యంగా రాస్తున్నాను గాని, ఆ రోజు ఎవరూ అడగనే లేదు, ఎవరికని చెప్పను? మళ్ళీ వరండా ఎక్కలేదు. ఎక్కవద్దని ఎవరూ చెప్పలేదు కూడా. నాలుగున్నర అయ్యేసరికి నాకు నేనే పెనం పెట్టేదాన్ని.

ఆ రొట్టె తిని ఆయన ఇంకా చాలా ఏళ్ళు సుఖంగా ఉన్నారు. నాకు సంతోషమే. ఆయన బతకడమూ నేను కిటికీ దగ్గర నిలబడిపోవడమూ ఒకే గుడ్డలో కట్టిన మూట. ఏది తీసి ఏది ఉంచమంటారు?

ఆయన పోయాక, అరవై దాటాక, ఈ మనవరాలే పక్కన కూర్చుని నాకు అక్షరాలు దిద్దించింది. నానమ్మకి ఎంత త్వరగా వస్తున్నాయోనని ఆశ్చర్యపోయేది. త్వరగా ఏమిటి, పాట ఎప్పుడో వచ్చు, ముఖాలు ఇప్పుడు చూశాను, అంతే.

ఇప్పుడు ఎవరికి ఆకలేస్తే వాళ్ళు ఫోను నొక్కుకుంటారు. కోడలు ఆఫీసు నుంచి వచ్చేది ఆరింటికి. ఆవిడ కోసం నాలుగున్నరకి పళ్ళెం ముందు కాచుక్కూర్చునేవాళ్ళు ఎవరూ లేరు, అది మంచిదే. బడి ఉన్నచోట ఏవో అంతస్తులు లేచాయి. నా పేరు ఇప్పుడు రెండో అక్షరమూ, ఆ పైవీ తడుముకోకుండా రాస్తాను. మధ్యాహ్నం నిద్ర లేచి, పుస్తకం తెరుచుకుని కుర్చీలో కూర్చుంటాను, ఎవరూ అడ్డుపడరు. నాలుగున్నర కొట్టేసరికి మాత్రం అక్షరాలు అలుక్కుపోతాయి. తలెత్తి చూసుకుంటే వంటింట్లో నిలబడి ఉంటాను, పెనం ఎక్కడ పెట్టారో వెతుక్కుంటూ.