చివరి పేజీలు చింపే బైండర్

మా చిన్న మేనమామ పోయాడన్న కబురు నాకు ధర్మాబాద్‌లో నేను పాఠాలు చెప్పే బడికి ఫోన్‌లో వచ్చింది. చేసినవాడు మా పెద్ద మామ. "తమ్ముడు తెల్లారంగ పోయిండు బిడ్డా. ఆ దుకాణం తాళంచెవి నీ తాన గిట్ల ఉందా?" అన్నాడు. రెండు మాటల మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు.

మూడో రోజు నాందేడ్‌లో శోకసభ పెట్టారు. ఒక లెక్చరర్‌గారు లేచి, చనిపోయినవారు ఆజన్మ బ్రహ్మచారి అనీ, సరస్వతిని తప్ప ఎవరినీ వరించలేదనీ చెప్పి కళ్లజోడు తుడుచుకున్నారు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇది రాస్తున్నాను. మా మామ ఎవరినీ వరించకపోవడమేమిటి? ఇరవై ఏళ్లు ఒక మనిషితో కాపురం చేశాడు. ఆ సంగతి ఊరికంతా తెలుసు. లెక్చరర్‌గారికైతే మరీ తెలుసు, ఆయన మామకు పాత గిరాకీ.

మామది నాందేడ్‌లోనే, వజీరాబాద్ పేటలో ఒక సందులో, మా తాత కట్టిన ఇంట్లో బైండింగ్ దుకాణం. ముందు అరలో అద్దె పుస్తకాలు, వెనక ఒక ఖోలీ, అంటే గది. ఆ గదిలో మామతో పాటు ఉండే మాస్టర్, బిలోలి వైపు నుంచి వచ్చిన మరాఠీ టైలర్. మొదట కుట్టు మిషన్ పెట్టుకోవడానికి అరుగు అద్దెకు తీసుకున్నాడు, తర్వాత లోపలికి వచ్చాడు, ఇక పోలేదు. మామ ఆయన్ను "మాస్టర్" అనేవాడు, ఆయన మామను "బైండర్" అనేవాడు. ఊళ్లో మాత్రం మాస్టర్‌ను మామ "జోడీదార్" అనేవాళ్లు. అనేటప్పుడు మూతి ఒక పక్కకు వంకరపోయేది. ఆ వంకర మూతులవాళ్లే పండక్కి అంగీలు కుట్టించుకోవడానికి అదే జోడీదార్ ముందు చేతులు చాపి నిలబడేవాళ్లు.

ఇక ఆ పుస్తకాల సంగతి. బొంబాయి నుంచి రద్దీ బస్తాలు, తూకానికి అమ్మేసిన పాత కాగితాలవి, రైల్లో వచ్చేవి. వాటిలో ఇంగ్లిష్ పాకెట్ నవలలు ఉండేవి: పోలీసులు, గూఢచారులు, దయ్యాలు. వాటి మధ్య అప్పుడప్పుడు మగవాడు మగవాణ్ని ప్రేమించే నవల ఒకటి తగిలేది. ఆ అట్టల మీది బొమ్మలు ఎంత దరిద్రంగా ఉండేవో చెప్పాలంటే నాకు ఇప్పటికీ సరదా. ఇద్దరు మగవాళ్లు. ఒకడి గుండీలు బొడ్డు దాకా ఊడి ఉంటాయి, రెండోవాడికి అసలు చొక్కా వేసే ఓపిక చిత్రకారుడికి లేదు. ఒకడు కిటికీలోంచి చంద్రుణ్ని చూస్తుంటాడు. రెండోవాడు వాడి మెడ చూస్తుంటాడు. తలుపు సందులోంచి ఒక ఆడమనిషి ఇద్దర్నీ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. వెనకాల ఊదారంగు ఆకాశం. కథ బొగ్గుగనిలో జరిగినా సరే, ఆకాశం ఊదాయే.

"ఈ బొమ్మ గీసినోడు మగోన్ని అద్దంల గూడ సూడలే" అనేవాడు మామ. మాస్టర్ మిషన్ ఆపి, అట్టను వెలుతురుకు పెట్టి చూసేవాడు. "గీ అంగీకి చంకల గుడ్డ ఏది బైండర్? చెయ్యెత్తితె పిగులుతది. అందుకే ఇప్పేసిండు కావచ్చు, పాపం" అనేవాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్లు. అన్నిటికంటే హీనమైనదాన్ని, ఒంటిమీద టోపీ తప్ప పెద్దగా ఏమీ లేని ఒక ఓడ నావికుడి బొమ్మను, చాయ్‌పత్తి పెట్టుకునే అల్మారా తలుపుకు లోపలివైపు అంటించారు. పొద్దున్నే చాయ్ డబ్బా తీస్తూ మామ, "ఏమయ్యా, ఇంకా అంగీ దొర్కలేదా?" అని వాణ్ని పలకరించేవాడు.

ఆ నవలలకు గిరాకీ లేదనుకోకండి. వచ్చేవాళ్లు పోలీసు నవల అడుగుతున్నట్టు అడిగి, చేతికి వచ్చింది వేరేదన్నట్టు ముఖం పెట్టి తీసుకుపోయేవాళ్లు. పేపర్ చుట్టి, దాని మీద కూరగాయల సంచి పెట్టి మరీ. మర్నాడు చౌరస్తాలో వాళ్లే మామను చూసి ఉమ్మేసేవాళ్లు. నేను ఆ ముఖాలన్నిటినీ ఎరుగుదును. ఒక్కొక్కటి గుర్తొస్తే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మామకు మాత్రం కోపం రాదు. "సిగ్గు పడనియ్యి బిడ్డా. సిగ్గుకు గూడ కిరాయి ఇస్తున్నరు గద" అనేవాడు.

నేనప్పుడు కాలేజీలో ఇంగ్లిష్ చదువుతున్నాను. మామది ఉర్దూ చదువు. అందుకని నన్ను పిలిచి, "నడుమ కథ నాకక్కర లేదు, ఆఖరుకేమైతదో అది సదువు" అనేవాడు. మేనమామ పుణ్యమా అని బిడ్డకు ఇంగ్లిష్ బాగుపడుతోందని మా అమ్మ సంతోషం. నేను చివరి అధ్యాయం చదివి చెప్పేదాన్ని. అన్నిట్లో ఒకటే. ఒకడు కారుతో సహా వంతెన మీంచి పడతాడు. ఒకడు జైలుకు పోతాడు. ఒకడు నిద్ర గోళీలు మింగుతాడు. ఇంకొకడు ఉన్నట్టుండి బుద్ధి తెచ్చుకుని, ఆ తలుపు సందులోని ఆడమనిషినే పెళ్లాడతాడు. అట్ట మీద అన్ని వేషాలు వేయించి, చివర్లో చంపి, చూశారా పాపానికి ఫలితం అని చేతులు దులుపుకునే ఆ రచయితలంటే నాకు అట్టల చిత్రకారుడి కన్నా అసహ్యం.

అద్దె పుస్తకాలకు బైండర్లు పైఅట్ట పీకేసి, దారంతో కుట్టి, దళసరి దఫ్తీ అట్ట వేస్తారు, నలిగిపోకుండా. మామ అట్టతో పాటు చివరి అధ్యాయం కూడా పీకేసేవాడు. ఇద్దరూ ఒక గదిలో కలిసి ఉన్న పేజీ దగ్గర ఆపి, అక్కడ కుట్టు వేసేవాడు. ఎవరైనా వచ్చి ఆఖరి పేజీలు లేవని సణిగితే, "ఏముంటది? సస్తడు. నీకు సావే కావాల్నంటె ఘాట్ కాడికి పో, పుక్కట్ల సూడొచ్చు" అని తరిమేవాడు. పీకేసిన పేజీలు వృథా పోయేవి కావు. పుస్తకం వీపుకు బలంగా ఉండాలని లోపల పాత కాగితాలు అంటిస్తారు కదా, అక్కడికి పోయేవి. ఆ వంతెనలూ ఆ జైళ్లూ అన్నీ ఈ ఊరి పెద్దమనుషుల పంచాంగాల వీపుల్లో, వకీళ్ల చట్టాల వీపుల్లో మైదా జిగురు కింద ఉన్నాయి. ఎవరూ ఎరగరు.

ఒకసారి మాత్రం మామ తొందరపడ్డాడు. నేను చివరి అధ్యాయం తీసి, శవపేటికను గోతిలోకి దించుతున్నారు అన్నానో లేదో, "ఇగ సాలు" అని నా చేతిలోంచి లాగి, పేజీలు పీకి, జిగురు రాసి, ఎదురుగా ఉన్న ఒక వకీలు లావు పుస్తకానికి అంటించేశాడు. కొన్ని నెలలకు అదే నవల ఇంకో ప్రతి, తడిసి సగం పేజీలు ముద్దైపోయింది, రద్దీలో వచ్చింది. చివరి అధ్యాయం మొదట్లో బాగున్న ఒకటి రెండు కాగితాలు నేను ఊరికే పైకి చదివాను. ఆ పేటికలో ఉన్నది ఆ ఇద్దరిలో ఎవరూ కాదు. ఒకడి తండ్రి. వాళ్లిద్దరూ గోతి ఒడ్డున పక్కపక్కనే నిలబడి ఉన్నారు, బతికే.

మామ చేతిలో సూది ఆగిపోయింది. "నూరు సావులల్ల ఒక్క బతుకు బిడ్డా. అది గూడ నేనే సంపిన" అన్నాడు. మర్నాడు వకీలు ఇంటికి పోయి, బైండింగ్‌లో తప్పు జరిగింది, మళ్లీ చేసిస్తాను అన్నాడు. ఆ వకీలు ఎంత నీతిమంతుడో, ఆ పుస్తకం తన చట్టాల్లోకెల్లా పవిత్రమైనదన్నట్టు రెండు చేతులతో అందించాడట. ఇలాంటివాళ్లను జైల్లో వెయ్యాలని కోర్టులో గొంతు చించుకునే మనిషి, ఆ ఇద్దరి బతుకును అన్నాళ్లూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. మామ ఆ పుస్తకం వీపును తడిపి, చాకుతో గీకి, ఒక్కొక్క పేజీ ఊడదీశాడు. మాస్టర్ వాటిని అంగీలు ఆరేసే తీగకు ఆరేశాడు.

ఎండినాక ఇద్దరినీ కూర్చోబెట్టి చదివాను. మాస్టర్ మిషన్ ఆపేశాడు. శవం పూడ్చాక వాళ్లిద్దరూ ఇంటికి నడిచి వస్తారు. వాన పడుతుంది. ఒకడు తలుపు తీసి, ఆకలేస్తోందంటాడు. అంతే, అయిపోయింది.

"గింతేనా?" అన్నాడు మామ. "కథేం బాగ లేదు."

"ఏం వండుకున్నరో రాయలే" అన్నాడు మాస్టర్.

కానీ మామ తల దించుకుని చాలాసేపు కళ్లు తుడుచుకున్నాడు. తమ కథ కూడా ఎవరి చేతిలోనో అలా తెగిపోతుందని ఆ మనిషికి లోలోపల ఎంత భయముండేదో నాకు అప్పుడు తెలిసింది. "నేను ముందు పోతె వీన్ని ఎల్లగొడ్తరు బిడ్డా" అని నాతో ఒక్కసారే అన్నాడు. అన్నట్టే ముందు పోయాడు. ఊపిరితిత్తులు చెడి ఏడాదిగా మంచం మీదే ఉన్నాడు. మాస్టర్ మిషన్ మూసి, మంచం పక్కనే కూర్చున్నాడు. పెద్ద మామ ఆ ఏడాదిలో ఆ సందు తొక్కలేదు. ఘాట్‌కు మాత్రం అందరికన్నా ముందు నడిచాడు. ఆయన కొడుకు నిప్పు పెట్టాడు. మాస్టర్ అందరి వెనకా నిలబడ్డాడు. తిరిగి వస్తూ పెద్ద మామ, దినాలు కాగానే ఖోలీ ఖాళీ చెయ్యమని మాస్టర్‌తో చెప్పాడు.

మా వైపు దినాలు ముగిసిన రోజు, పోయినవాళ్ల మనిషిని పీట మీద కూర్చోబెట్టి దగ్గరివాళ్లు కొత్త బట్టలు పెడతారు. ఇక దుఃఖంలోంచి లేచి పనుల్లో పడమని. ఆ రోజు పీట మీద పెద్ద మామ కొడుకు కూర్చున్నాడు, ఒళ్లో తువ్వాళ్లు పేరుకుంటున్నాయి. మాస్టర్ గోడ పక్కన నిలబడి భోజనాలవాళ్లకు నీళ్లు పోస్తున్నాడు. మా అమ్మ ఇంకో పీట తెచ్చి నడి వాకిట్లో వేసింది.

"మాస్టర్, ఆ సెంబు కింద పెట్టు. గిటొచ్చి కూసో."

"ఏం జేస్తున్నవ్ చెల్లె? నలుగురు సూస్తున్నరు" అన్నాడు పెద్ద మామ.

"సూడనియ్యి. ఇరువై ఏండ్ల సంది సూడనట్టే సూస్తున్నరు గద. బట్టలు దగ్గరోల్లకు పెడ్తరు. దగ్గరోడెవడో నీకు తెల్వకుంటె ఊరిని అడుగు. ఇగ ఆ ఖోలీ సంగతి. నాయిన కట్టిన ఇంట్ల నా భాగం నేనిన్నొద్దులు అడగలే. ఇప్పుడు అడుగుతున్న. ఆ ఖోలీ నాది. అండ్ల ఎవలుంటరో నేను జెప్త."

లెక్చరర్‌గారు విస్తట్లో పప్పును చాలా శ్రద్ధగా కలుపుకున్నారు. మాస్టర్ వచ్చి పీట మీద కూర్చున్నాడు. అమ్మ ఆయనకు బొట్టు పెట్టి, ఒళ్లో పంచె, అంగీ గుడ్డ పెట్టి, "కుట్టుకొని తొడుక్కో తమ్మీ" అంది. అన్నాళ్లూ కంట తడి పెట్టని మనిషి, ఆ గుడ్డ అంచును వేళ్లతో రాస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

"అక్కా, నా కొలతలు నేను తీస్కోరాదు. ఎప్పుడు బైండరే తీస్తుండె."

అమ్మ బయటి మగవాడి చెయ్యి తాకి ఎరగని మనిషి. అయినా టేపు ఏదని అడిగింది. మాస్టర్ జేబులోంచి తీసి ఇచ్చి, వీపు తిప్పి నిలబడ్డాడు. ఆయన పొడుగు, అమ్మ పొట్టి. అందడం లేదని ఆయన మోకాళ్లు వంచాడు. అందరూ చూస్తుండగా అమ్మ ఆ టేపును రెండు చేతులతో పట్టుకుని, ఆయన భుజాల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా పరిచింది.