గిన్నె ఎండేలోపు

ఇంటికి తాళం వేసే ముందు ఏమేం కట్టేశానో డైరీలో రాసుకోవడం నా అలవాటు. ఆ ఉదయం బందరు నుంచి గుడివాడ వెళ్తూ, బస్సు గుడ్లవల్లేరు చేరాక ఆ పేజీ చూశాను. ఫ్యాన్లు, మోటారు ఉన్నాయి. గ్యాసు పొయ్యి లేదు. తాగే నీళ్లు కాచడానికి ఏడింటికి గిన్నె పొయ్యి మీద పెట్టాను. ఆటో హారన్ కొడితే హడావిడిగా బయల్దేరాం.

"కట్టేశారా, లేదా?" అంది మా ఆవిడ.

"డైరీలో లేదు."

"డైరీ సంగతి కాదండీ, మీకు గుర్తుందా?"

గుర్తు లేదు. తాళంచెవి నా జేబులోనే ఉంది కనుక పక్కింటివాళ్లకు ఫోన్ చేసినా లాభం లేదు. దిగి బందరు బస్సెక్కాం. డైరీ చివరి పేజీలో లెక్క వేశాను. గ్రాము నీటిని ముప్పై డిగ్రీల నుంచి వందకు తేవడానికి డెబ్బై కేలరీలు చాలు. అది ఆవిరి కావడానికి మరో ఐదు వందల నలభై కావాలి, అంటే దాదాపు ఎనిమిది రెట్లు. మా గిన్నె మరగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అదే మంట మీద పూర్తిగా ఇగిరిపోవడానికి ఇంకో రెండున్నర గంటలు.

"తొమ్మిదీ యాభై దాకా భయం లేదు" అన్నాను.

"మరి ఆ కాలెందుకు అలా ఆడిస్తున్నారు?"

తొమ్మిదింబావుకి తలుపు తీశాం. వంటిల్లంతా ఆవిరి. గిన్నెలో పావు వంతు నీళ్లు కుతకుతలాడుతున్నాయి. లెక్క ఎంతవరకు సరిపోయిందో కొలుద్దామని స్కేలు కోసం సొరుగు లాగాను.

"ముందు పొయ్యి కట్టేయండి మహానుభావా!" అంటూ ఆవిడే కట్టేసింది.