ఆ డిస్కు మా మరిది చేతిలో పోలేదు

మా మరిది పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను పొయ్యి మీద పాలు చూసుకుంటూ ఉన్నాను. నాలుగు రోజులుగా ఒంగోలు ఆసుపత్రిలో ఉన్నాడు. జ్వరం తగ్గింది, ఇంటికి పంపిస్తారని ముందురోజే చెప్పారు. ఫోను మోగితే గుండె దడ పట్టుకునే మనిషిని, ఆ మాట నమ్మి ఆ ఉదయం మాత్రం మామూలుగా తీశాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన సంగతి కూడా చాలాసేపటికి గానీ తెలియలేదు.

ఆయన నా భర్తకు తమ్ముడు. గిద్దలూరులో స్టేషనుకు పోయే దారిలో చిన్న రిపేరు దుకాణం ఆయనది. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, చివరికి కంప్యూటర్లు బాగుచేశాడు. పోయినవాళ్ళ గురించి పద్ధతిగా రాయడం నాకు చేతకాదు, ఐదో తరగతితో నా చదువు ఆగింది. కానీ ఒక సంగతి ఆయన పోయేదాకా ఆయనకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన ఎటూ చెప్పలేదు. నేనూ చెప్పకుండా పోతే అబద్ధమే నిలిచిపోతుంది.

మిషను విప్పేముందు ఆయన చేతులు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకునేవాడు. బల్ల మీద టీ గ్లాసు పెట్టనిచ్చేవాడు కాదు. పొడుగు స్క్రూడ్రైవరు కొన మిషనుకు తాకించి, పిడి చెవికి ఆనించుకుని వినేవాడు. ఆ సమయంలో ఎవరైనా మాట్లాడితే వేలెత్తి చూపేవాడు, అంతే. రిపేరుకు తెచ్చిన ప్రతి ఒక్కరినీ మొదట ఒకే మాట అడిగేవాడు: "దీంట్లో ఏది పోతే ఏడుస్తావో అది చెప్పు. తక్కింది తర్వాత చూద్దాం." నన్ను మాత్రం ఎప్పుడూ ఆటపట్టించేవాడు. "మా వదినకు ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

మా అమ్మాయి ఇద్దరు పిల్లలతో నా దగ్గరే ఉంటుంది. ఫొటోగ్రాఫర్లు తీసిన పెళ్ళి ఫొటోలు, వీడియోలు తెచ్చిస్తే ఇంట్లోనే కంప్యూటరులో ఆల్బంగా కూర్చి ఇస్తుంది. వాళ్ళు మాకు ఇచ్చాక తమ కెమెరా కార్డులు ఖాళీ చేసుకుని ఇంకో పెళ్ళికి పోతారు. ఇక ఆ పెళ్ళి మా ఇంట్లో తప్ప ఎక్కడా ఉండదు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ గది ఊడ్చేటప్పుడు కూడా ఆ బల్ల దగ్గరికి చీపురు పోనిచ్చేదాన్ని కాదు.

ఒక పెళ్ళిళ్ళ కాలంలో ఆ కంప్యూటరు మొరాయించింది. ఒక ఫొటో తెరవడానికి అన్నం ఉడికేంత సేపు పట్టేది. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. మా మరిది వచ్చి విప్పాడు.

"వైరు లూజేమో చూడు చిన్నాయనా" అంది మా అమ్మాయి.

"అదే చూస్తుండా. డిస్కు మీద నింద వేసేముందు వైరును అడగాల."

వైరు మార్చాడు, కరెంటు ఇచ్చే తీగ మార్చాడు. చప్పుడు పోలేదు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని విన్నాడు. డిస్కు తన ఒంట్లో ఎట్లా ఉందో తానే లోపల రాసుకుంటుందట, ఆ పేజీ తెరిచి చదివాడు. కొన్నిచోట్ల చెడిపోయిందనీ, ఆ చోట్లు తప్పించుకుంటూ నడుస్తోందనీ చెప్పాడు.

"ఈ నెల పోనిచ్చి మార్చుకుంటే కాదా? మూడు పెళ్ళిళ్ళు చేతిలో ఉన్నాయి."

"ఏడాది నడిచినా నడుస్తాది పాపా. రేపు పొద్దున లేవకున్నా లేవదు. ఏది అవుతాదో చెప్పేటోడు ఎవడూ లేడు. అందుకే మార్చమంటుండా."

ఆ మూడు పెళ్ళిళ్ళూ పట్టే కొత్త డిస్కు ఆయన దగ్గర లేదు. ఒంగోలు నుంచి తెప్పించాలి, వారం పడుతుంది. అప్పటిదాకా పొద్దున ఒకసారి వేసి, పని అయ్యాక సరిగ్గా ఆపమన్నాడు. ఊరికే వేసి ఆపొద్దు, లేచినప్పుడల్లా దానికి కష్టం అన్నాడు. అది అప్పటివరకు మొత్తం ఎన్నిసార్లు లేచిందో ఆ పేజీలోనే ఉంటే, ఆ అంకెను కంప్యూటరు పెట్టె మూత లోపల పెన్సిలుతో రాసుకున్నాడు.

నేను వాకిట్లో నిలబడి అంతా విన్నాను. నా చెవిలో నిలిచింది మాత్రం ఒక్కటే, రేపు పొద్దున లేవకున్నా లేవదు.

మరునాడు మా అమ్మాయి స్నానానికి పోగానే ఆ గదిలోకి పోయి స్విచ్చి వేశాను. చప్పుడు చేసి, నిదానంగా తెర వెలిగింది. పిల్లల బొమ్మ కనిపించింది. ఉంది, పోలేదు అనుకుని గోడ మీది స్విచ్చి ఆపేశాను. ఫ్యాను ఆపినట్టు. వేరే విధంగా ఆపాలని నాకు తెలియదు. మధ్యాహ్నం ఆమె పిల్లలను బడి నుంచి తేవడానికి పోయినప్పుడు మళ్ళీ చూశాను. ఒకసారి చూస్తే ఒక గంట నెమ్మది. గంట దాటితే మళ్ళీ గుబులు. రోజుకు నాలుగైదుసార్లు అట్లా చూసుకుంటూ వచ్చాను.

ఎనిమిదో రోజు ఆయన కొత్త డిస్కు, తన కంప్యూటరు తీసుకుని వచ్చాడు. మా అమ్మాయి అచ్చయిన ఆల్బంలు తేవడానికి మార్కాపురం పోయింది. ఫోను చార్జింగుకు పెట్టి ఇంట్లోనే మరిచిపోయింది. సాయంత్రం దాకా ఆగుదామన్నాను. ఆయన పాత డిస్కు తగిలించి విన్నాడు, మొహం మారిపోయింది.

"ఆగితే మళ్ళీ లేస్తాదని నాకు నమ్మకం లేదు వదినా."

ఆ పేజీ తెరిచాడు. మూత మీద అంకె చూశాడు, తెర మీద అంకె చూశాడు. నా వైపు తిరిగాడు.

"ఎనిమిది రోజులు. ఎనిమిదిసార్లు లేవాల. నలభైసార్లు లేచింది. పాప వేసిందా?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఎట్ల ఆపినావు?"

గోడ మీది స్విచ్చి చూపించాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. తెర వైపు తిరిగి, "సరే, ఇప్పుడు ఆ మాట వద్దు. మూడు పెళ్ళిళ్ళున్నాయి. అన్నీ వస్తాయని చెప్పలేను. ఏది ముందు తియ్యాల?" అన్నాడు.

"నన్ను అడుగుతావేంది నాయనా? నాకేం తెలుసు?"

"కంప్యూటరు గురించి అడగలా. మనుషుల గురించి అడుగుతుండా."

అర్ధవీడు పెళ్ళి, కంభం పెళ్ళి, హనుమంతునిపాడు పెళ్ళి. హనుమంతునిపాడు వాళ్ళు పెద్ద రైతులు, రెండు రోజులకోసారి ఫోను చేస్తున్నారు. అర్ధవీడు వాళ్ళు గొర్రెలు మేపుకునేవాళ్ళు, పెళ్ళి కాగానే పిల్ల, పిల్లవాడు పనికి గుంటూరు పోయారు, ఒక్కసారి కూడా అడగలేదు. కానీ పెళ్ళి అయిన ఇరవై రోజులకు ఆ పిల్ల తల్లి చనిపోయింది. ఆ ఫొటోగ్రాఫరే చెప్పాడు, ఆమెకు వేరే ఫొటో లేదని.

"అర్ధవీడు" అన్నాను.

ఆయన ఎందుకని అడగలేదు. కాపీ మొదలుపెట్టాడు. తెర మీద పచ్చటి గీత చీమలా కదిలింది. ముప్పాతిక దాకా పోయి ఆగింది. లోపల టిక్కు టిక్కు ఎక్కువైంది. ఆయన వెంటనే ఆపేశాడు.

"కాలిపోతా ఉంది. గంటసేపు చల్లారాల. నేను దుకాణానికి పోయి వస్తా. నువ్వు ఈడనే కూచో. ముట్టుకోవద్దు."

"నన్ను ఒక్కదాన్నే పెట్టి పోతావా? ఇంత చేసినాక కూడా?"

"నీకంటే భద్రంగా ఎవరు కూచుంటారు దీని దగ్గర?" అని చెప్పులు వేసుకుని పోయాడు.

ఆ గంట నేను ఎట్లా గడిపానో చెప్పలేను. స్విచ్చి మూర దూరంలో ఉంది. ఒక్కసారి వేసి చూస్తే తెలిసిపోతుంది కదా అని మనసు పీకుతూనే ఉంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. వేళ్ళు తిమ్మిరెక్కాయి. తీయలేదు. ఆయన వచ్చి నా చేతులు చూసి నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఏడుపు వచ్చింది.

మళ్ళీ వేస్తే లేచింది. అర్ధవీడు పెళ్ళి పూర్తిగా వచ్చింది. కంభం పెళ్ళి కూడా వచ్చింది. హనుమంతునిపాడు పెళ్ళి పావు వంతు వచ్చేసరికి చప్పుడు ఒక్కసారిగా నిలిచిపోయింది. ఆయన చాలాసేపు స్క్రూడ్రైవరు చెవి నుంచి తీయలేదు.

"నా వల్లే కదా?" అన్నాను.

"నీ వల్లే అని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. అది ఎట్లాగూ పోయేదే. ఎప్పుడనేదే మనకు తెలవదు."

అబద్ధం చెప్పి నన్ను ఓదార్చలేదు. అందుకే ఆ మాట ఇన్నాళ్ళూ పట్టుకుని బతికాను.

మా అమ్మాయి వచ్చి, విషయం విని, గోడకు ఆనుకుని కూలబడింది. నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు, "నా చేతిలోనే పోయింది పాపా. చల్లారకముందే తొందరపడినా." నా వైపు చూడలేదు. నేను నోరు మూసుకున్నాను. భయస్తురాలి నోరు మూసుకోవడానికే సాకు వెతుక్కుంటుంది.

హనుమంతునిపాడు పెళ్ళికూతురి తండ్రి దుకాణానికి వచ్చి నలుగురి ముందు నానా మాటలూ అన్నాడు. ఈయన తలవంచుకుని నిలబడ్డాడు. కొన్ని నెలలు జనం తమ మిషన్లు వేరేచోటికి తీసుకుపోయారు. "చెప్పేస్తా నాయనా" అని నేను ఎన్నోసార్లు అన్నాను. "పాప, నువ్వు ఒకే ఇంట్లో ఉండాల వదినా. నేను సాయంత్రం దుకాణం మూసి ఇంటికి పోతా" అనేవాడు.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర, ఆ వీధి దుకాణదారు ఒకరు పక్కనున్నవాళ్ళతో అన్నాడు, "మంచోడే. కానీ హనుమంతునిపాడు వాళ్ళ పెళ్ళి పోగొట్టినాడు పాపం, చెయ్యి నిదానం కాదు."

వడ్డిస్తున్న పప్పు గిన్నె కింద పెట్టాను. "ఆయన చేతిలో పోలేదు. నేను చెడగొట్టినా. ఆయన మీద వేసుకున్నాడు" అన్నాను. భోజనాల వరుస అంతా తలెత్తి చూసింది. మా అమ్మాయి నీళ్ళ చెంబుతో అక్కడే నిలబడి ఉంది.

ఇంటికి వచ్చాక ఆమె అంతా చెప్పించుకుంది, ఎన్నిసార్లు వేశానో, ఎట్లా ఆపానో. "చిన్నాయనను జనం ఎంత మాటన్నా ఊరుకున్నాను కదమ్మా" అంది. నన్ను ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. లేచి పోయి కంప్యూటరు వేసి, హనుమంతునిపాడు పెళ్ళిలో వచ్చిన ఆ పావు వంతు తెరిచింది. ఒక్కొక్కటీ జరుపుకుంటూ పోయింది. నేను వెనక నిలబడి చూశాను. అన్నిటికంటే చివరి ఫొటో పైసగమే వచ్చింది, కింద అంతా బూడిదరంగు. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు మొహాలు లేవు. పైకెత్తిన నాలుగు చేతులు, వాటి నుంచి జారిన తలంబ్రాలు గాలిలో అట్లాగే ఆగి ఉన్నాయి.