బయటివాడికి చెప్పని నియమం

మా ఫోన్ ఆట జట్టులో, అదే గిల్డ్‌లో, బయటివాళ్లను రెయిడ్ దాడికి పిలవాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ ఆదివారం మధ్యాహ్నం గుర్తొస్తుంది.

మేం ఆరుగురం. ప్రొద్దుటూరు పాలిటెక్నిక్‌లో కలిసి చదివి, తలో ఊరు చేరాం. ఆరుగురూ ఉంటేనే ఆటలో కోట తలుపు తెరుచుకుంటుంది. ఆ రోజు మాలో గాయాలు మాన్పేవాడు లింగాలలో పెళ్లికి పోయి, సిగ్నల్ లేనిచోట చిక్కుకున్నాడు. మర్నాడు సీజన్ మారుతుంది. ఆ కోట, అందులోని రాక్షసుడు, వాడు చస్తే రాలే డాలు ఇక ఉండవు. ఆ డాలు కోసం జమ్మలమడుగు మామ సీజనంతా ఎదురుచూశాడు. మామ అన్నది పిలుపే, వరస కాదు. అందరికంటే ముందు నిలబడి దెబ్బలు కాచేది అతనే.

"బయటోణ్ని పిలుస్తాం లేప్పా," అన్నాడు పులివెందుల మిత్రుడు.

"వాడు డాలు ఎత్తుకపోతే?" అన్నాను.

"మందు పూసేటోనికి డాలెందుకప్పా? నెత్తిన పెట్టుకుంటాడా?"

కొత్తవాడికి చెప్పాల్సినవి వరసగా అనుకున్నాను: ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు పరుగెత్తాలి, ముందు ఎవరి గాయం మాన్పాలి, డాలు ఎవరిది.

"నమస్కారమండీ, మాది రాజమండ్రి దగ్గరండీ," అంటూ వాయిస్ లైన్లోకి వచ్చాడతను. అంతే, మా నాలుకలు మారిపోయాయి. మా మాట మోటు అని విని విని ఉన్నవాళ్లం. "ఎనక్కి రా" అని అరవాల్సిన పులివెందుల మిత్రుడు, "కొంచెం వెనక్కి జరుగుతారా అండీ," అన్నాడు. ఆ వాక్యం పూర్తయ్యేలోపే నిప్పులు కురిసి అందరం చచ్చాం. రెండోసారీ అంతే. నా వరసలో చివరిదైన డాలు మాట మాత్రం చెప్పలేదు. సాయానికి వచ్చినవాడికి వాటా సంగతి ముందే చెప్పడం, విస్తరి వేయకముందే ముక్కల లెక్క చెప్పినట్టు అనిపించింది.

కరెంటు పోయింది. ఫోన్లో చార్జింగ్ తగ్గుతోంది. కుర్చీలో కూర్చోలేక నిలబడి ఆడుతున్నాను. మూడోసారి మామ ఆగలేకపోయాడు.

"ఓరప్పా, ఆడ నిలబడుకోని ఏం చేస్తాండావు? ఈడికి రా, సస్తాండా!"

ఇక కొత్తవాడు లైన్ వదిలిపోతాడనుకున్నాం. అతను నవ్వాడు. "ఇలా చెప్పండి మరి! మీ మర్యాదకి ఇందాకట్నుంచి చచ్చిపోతున్నానండీ."

ఇక అరుపులే అరుపులు. రాక్షసుడు కూలాడు, డాలు రాలింది. కావాలన్నవాళ్ల మధ్య ఆటే పాచిక వేస్తుంది. మామ 'కావాలి' నొక్కాడు. అతనూ నొక్కాడు. పాచిక అతనికి పడింది.

"మా తమ్ముడూ ఈ అకౌంటులోనే ఆడతాడండీ, వాడికి డాలంటే ప్రాణం," అన్నాడు సంబరంగా. ఒకరికి దక్కింది ఇంకొకరికి ఇవ్వడం ఆ ఆటలో కుదరదు.

"మంచిది లేప్పా, ఆడుకోనీ," అని మామ లైన్లోంచి వెళ్లిపోయాడు.

"ఇంగ బయటోల్లు వద్దంటే వద్దు," అన్నాడు పులివెందుల మిత్రుడు, అతనూ వెళ్లాక. నేను ఒప్పుకోలేదు. అతను లేకుంటే తలుపే తెరుచుకునేది కాదు. ఎక్కువకాలం ఎదురుచూసినవాడికి వదిలేయాలన్న మా నియమాన్ని అతను తెలిసి మీరలేదు; మేమే చెప్పలేదు. బయటివాణ్ని పిలవాలి. వాటా ముందే చెప్పాలి, మొదటినుంచే తిట్టాలి.

కొత్త సీజన్లో మళ్లీ ఒకరు తక్కువైతే అతన్నే పిలిచాం. "నమస్కారమం..." దగ్గరే మామ అందుకున్నాడు.

"సూడప్పా, ముందే చెప్తాండా. ఈసారి రాలే గొడ్డలి నాది."

"అలాగేనండీ."

ఆ రోజు గొడ్డలి రాలనే లేదు. అతను మాట మీద నిలబడేవాడో కాదో నాకింకా తెలియదు. వచ్చే ఆదివారానికీ అతన్నే పిలిచాం.