అడుగు చూడనిదే నమ్మని సిద్దిరాములు పటేల్

సిద్దిరాములు పటేల్ దేన్నయినా అడుగు చూడనిదే నమ్మడు.

టమాటాల గంప కొనాలంటే పైనున్న ఎర్రటి కాయల వంక కన్నెత్తి చూడడు. మోచేతిదాకా చెయ్యి దించి, అట్టడుగు కాయను పైకి లాగి, దాని మొహం చూసి ధర అడుగుతాడు. బియ్యం సంచి అయితే తలకిందులు చేయాల్సిందే. హోటల్లో చాయ్ ఇస్తే గ్లాసెత్తి కింద నుంచి చూస్తాడు. పేపరు ఆఖరి పేజీలో ఆఖరి గీత దగ్గర మొదలుపెడతాడు. అదేంటి పటేలా అంటే, "మొదటి పేజీ అందరు చూసేటిది. అండ్లనే అబద్ధం వెడ్తరు" అంటాడు.

ఆయన భార్య మనోరమని అడిగితే ఇంకా చెబుతుంది. "పెండ్లిచూపులకొచ్చి తలకాయ ఎత్తలే. నా పాదాలే చూస్తుండు. మా బాపు 'పిల్ల నచ్చిందా అయ్యా' అంటే, 'ఆగుండ్రి, కిందికెల్లి వస్తున్న' అన్నడు. ముప్పై ఏండ్లయింది. ఇంక మొకం దాంక రానేలేదు!"

పెళ్లిళ్లలో అయితే మరీ. ఊరి పెద్దమనిషి కదా అని మొదటి బంతి భోజనానికి పిలిస్తే రాడు. రెండో బంతికీ రాడు. చుట్టాలందరూ తిని, చేతులు కడుక్కుని, ఆకువక్క నములుతున్న వేళకి వెళ్లి ఆఖరి బంతిలో కూర్చుంటాడు. వడ్డించేవాణ్ణి పిలిచి, "గుండిగ ఇటు వంచు. అడుగు కానరావాలె" అంటాడు. ఆయనకి వంటవాళ్ల మీద అనుమానమనీ, ముందు నలుగురు తిని బతికి బట్టకట్టారని తేలాకే ముద్ద నోట్లో పెడతాడనీ దేవరయాంజాల్‌లో అందరూ చెప్పుకుంటారు.

అలాంటి మనిషి చేతిలో పడ్డాడు జయకృష్ణ.

జయకృష్ణ తండ్రి రాజారావు తణుకు నుంచి వచ్చి, ఇక్కడ మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. కొడుకు మాత్రం సూరారంలో సైకిల్ షాపు మేడ మీద ఒక గది తీసుకుని, రెండు కంప్యూటర్లు పెట్టి, మేడ్చల్ అమ్మాయి లిఖితతో కలిసి మొబైల్ ఫోన్లకు ప్రోగ్రాములు రాస్తానని కూర్చున్నాడు. ఎనిమిది నెలల్లో వాళ్లు చేసింది ఒకే ఒక్క నిమ్మకాయల ఆట. దాన్ని ఆడిందీ వాళ్లిద్దరే.

ఇలా కాదని రాజారావు గడువు పెట్టేశాడు. "ఉగాదిలోపు నువ్వు రాసిన ప్రోగ్రాం ఒక్కటంటే ఒక్కటి, బయటివాడెవడైనా వాడుతుంటే నేను కళ్లారా చూడాలి. లేదంటే ఉగాది మర్నాడు మా ఫ్యాక్టరీ స్టోర్సులో చేరిపోవాలి. మేనేజరుతో మాట్లాడేశాను."

అది రెండు వేల ఏడో సంవత్సరం. శివరాత్రి వెళ్లిన వారానికి పటేల్ మెట్లెక్కి వచ్చాడు. కూర్చోమని కుర్చీ వేస్తే దాన్ని బోర్లించి, నాలుగు కాళ్లూ ఊపి చూసి, మళ్లీ నిలబెట్టి, అప్పుడు కూర్చున్నాడు.

"నీళ్ల ట్యాంకర్లు తిప్పుత. సూరారం అంచుల మా బస్తీ ఒకటున్నది. నూట ఇరవై నాలుగిండ్లు. ఇంటికొక డ్రమ్ము. పేర్లన్ని ఫోన్ల ఉండాలె. డ్రమ్ము నింపినంక డ్రైవరు పేరు మీద టిక్కు వెట్టాలె. పొద్దుగూకినంక నేను చూస్త."

"అలాగేనండి. ఎందుకండీ, డ్రైవర్లేమైనా చేశారా?"

"ఏం జెయ్యలే. గదే అనుమానం."

పది రోజుల్లో జాబితా తయారైంది. ఫోను చేతికివ్వగానే పటేల్ కింది బాణం బటన్ నొక్కడం మొదలుపెట్టాడు. ఒక నొక్కుకి ఒక పేరు దిగుతుంది. నొక్కాడు, నొక్కాడు. చాయ్ వచ్చింది, చల్లారింది. కింద షాపులో ఒక సైకిలుకి రెండు పంక్చర్లు వేశారు.

"హ్యాష్ బటన్ నొక్కితే ఒకేసారి ఆఖరికి వెళ్లిపోతుందండి" అన్నాడు జయకృష్ణ, ఆగలేక.

"గట్ల దుంకితే నడుమల ఎవరున్నరో లేరో ఎట్ల ఎరుకైతది?"

ఆఖరి పేరు నర్సమ్మ. అక్కడికి చేరి, నుదురు తుడుచుకుని, ఇంకోసారి నొక్కాడు. జాబితా గిర్రున తిరిగి మొదటి పేరు వచ్చింది. పటేల్ ఫోనుని పాముని చూసినట్టు చూశాడు.

"నర్సమ్మ ఇంటికెల్లి ఒక్క నొక్కుకే మొదటింటికి ఎట్ల వోయినవ్? నడుమ అర్ధకిలోమీటరున్నది!"

"ఫోన్లలో అలా తిరగడం మామూలేనండి."

"మామూలంటే నాకు ఇంక అనుమానం."

ఆ తిరగడం తీసేశారు. ఆయన వెళ్లాక లిఖిత కాగితం చూపించింది. "నూట ఇరవై మూడు నొక్కులన్నా. నేను లెక్కవెట్టిన."

పటేల్ రెండు రోజులకోసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నూట ఇరవై మూడు నొక్కులు. బటన్ మీద బాణం బొమ్మ అరిగిపోయింది. చివరికి జయకృష్ణకే ఆయన మీద అనుమానం పుట్టింది. ఈయన ప్రోగ్రాం తీసుకునే మనిషిలా లేడు. వంక పెట్టి ఉగాది దాటించేసే మనిషిలా ఉన్నాడు. ఒకరోజు అడిగేశాడు కూడా.

"నిజం చెప్పండి పటేల్ గారూ. మా నాన్నగారు పంపారా మిమ్మల్ని?"

పటేల్ ముందుకు వంగాడు. "మీ నాయిన ఎవరు? గాయన నన్నెందుకు పంపుతడు? ఏంది, గాయన మీద గూడ అనుమానమా?" ఆ గొంతులో మొదటిసారి కాస్త గౌరవం వినిపించింది.

ఇంతలో అసలు చిక్కొచ్చి పడింది. ఆ రోజుల్లో ఫోనుకి ఉండే బుర్ర చీమ తలకాయంత. ఉత్త పేర్లయితే మోసింది గానీ, టిక్కు గళ్లు కూడా చేర్చి నూట ఇరవై నాలుగు వరుసలూ ఒకేసారి మోయమంటే అది గుడ్లు తేలేసింది. డెబ్బయ్యో పేరు దగ్గర తెర బిగుసుకుపోయేది. బ్యాటరీ పీకి పెడితే గానీ కదిలేది కాదు. జయకృష్ణ రెండు రోజులు జుట్టు పీక్కుని దారి కనిపెట్టాడు. తెర మీద కనిపించేవి ఏడు వరుసలే కదా! ఏడే తయారుచేసి, పైకి జారిపోయిన వరుసనే కిందికి తెచ్చి, కొత్త పేరు రాసి వాడుకుంటే సరి. జాబితా నీళ్లలా జారింది.

పటేల్‌కి చెప్పాల్సొచ్చింది. "బంతి భోజనం అనుకోండి. పీటలు ఏడే. తినేవాళ్లు నూట ఇరవై నాలుగు మంది. పైచివరాయన లేవగానే ఆ పీట తెచ్చి కిందిచివర వేస్తాం. దాని మీద కొత్తాయన కూర్చుంటాడు."

పటేల్ కళ్లు చిన్నవయ్యాయి. "ఆకు మారుస్తవా?"

"ఆకేంటండీ?"

"ముందుగాల తిన్నోని విస్తరాకు తీసి, కొత్తాకు ఎయ్యాలె గదా. లేకుంటే ఎన్కొచ్చినోడు ఎంగిలాకుల తింటడా?"

"మారుస్తామండి. పాత పేరు, పాత టిక్కు తుడిచేశాకే కొత్త పేరు."

"అందరికి మారుస్తవా? ఆఖరోనికి గూడ?"

"అందరికీనండి!"

"ఆఖరోని కాడికొచ్చేవరకు వడ్డించేటోనికి రెక్కలు నొస్తయ్ పిల్లగా. జర చూడు."

ఆయన మెట్లు దిగాక జయకృష్ణ, లిఖిత పొట్టలు పట్టుకుని నవ్వారు. నలభై పేర్లదాకా టిక్కులు పెట్టి చూశారు. బాగానే ఉంది. నలభై మందికి బాగున్నది నూట ఇరవై నాలుగు మందికి బాగోదా?

ఉగాది నాలుగు రోజులుందనగా బస్తీలో పరీక్ష పెట్టారు. డ్రైవరు సత్తయ్య పక్కన జయకృష్ణ, సత్తయ్య చేతిలో ఫోను. ఐదు ట్రిప్పులు. డ్రమ్ము నిండగానే టిక్కు, కింది పేరు. అంతా పెళ్లి ఊరేగింపులా సాగింది. నూట ఇరవై మూడు ఇళ్లయ్యాయి. జయకృష్ణ మనసులో ఫ్యాక్టరీ స్టోర్సుకి నమస్కారం పెట్టేశాడు.

బస్తీ చివర రేకుల ఇంటి ముందు నర్సమ్మ నిలబడి ఉంది. పెళ్లిళ్లలో బోళ్లు తోమే మనిషి. సత్తయ్య ఫోను చూసి, పైపు చుట్టేయబోయాడు.

"అవ్వా, నీకు పోసినం."

"ఎప్పుడు పోసిన్రు బిడ్డా?"

"ఫోన్ల టిక్కున్నది."

"ఫోన్ల ఉంటే, ఫోన్లకెల్లే తాగాల్నా?"

సిగ్గుచేటు గానీ, జయకృష్ణకి ముందు ముసలమ్మ మీదే అనుమానం వచ్చింది. రెండో డ్రమ్ముకి ఎత్తు వేస్తోందేమో అనుకున్నాడు. అంతలో ఆమె డ్రమ్ములోంచే గొంతు మోగింది.

"ఎండిపోయున్నది!"

ఎప్పుడొచ్చాడో పటేల్. నడుందాకా డ్రమ్ములోకి వంగి అడుగు చూస్తున్నాడు. బయటికొచ్చి, జుట్టులో సాలెగూడు దులుపుకుని, ఫోను అందుకున్నాడు. నర్సమ్మ పేరు మీద టిక్కు చూశాడు. ఏడిళ్లు వెనక్కి నొక్కి రాధమ్మ పేరు చూశాడు. అక్కడా టిక్కే.

"ఆకు మార్చలే" అన్నాడు. "రాధమ్మ తిన్న ఆకుల నర్సమ్మను కూసోవెట్టినవ్."

అక్షరాలా అదే జరిగింది. పాత టిక్కు తుడిచే లెక్క ఒకటి తక్కువ పడింది. అందరికీ తుడిచి, సరిగ్గా ఆఖరి పేరు దగ్గర ఆగిపోయింది. ఉత్త జాబితాలో ఎన్నిసార్లు కిందికి దిగినా అది బయటపడదు. పైన టిక్కులుంటేనే బయటపడుతుంది. జయకృష్ణకి ఫ్యాక్టరీ గేటు కళ్లముందు కనిపించింది.

పటేల్ ట్యాంకర్లో నీళ్లెన్ని మిగిలాయో చూడ్డానికి నిచ్చెన ఎక్కాడు. జయకృష్ణ నర్సమ్మ అరుగు మీద కూలబడ్డాడు.

"అయిపోయిందమ్మా. పెళ్లిలో వంటవాళ్లనే నమ్మని మనిషి, ఇంక నన్నేం నమ్ముతాడు?"

నర్సమ్మ విచిత్రంగా చూసింది. "వంటోళ్లను నమ్మడని ఎవరు జెప్పిన్రు నీకు? ఆఖరి బంతి ఎవరిదో ఎరుకేనా? మాది. బోళ్లు తోమెటోళ్లం, డప్పు గొట్టెటోళ్లు, టెంటు ఏసెటోళ్లు. అప్పట్ల మా దాంక వచ్చేవరకు ఉత్త చారు, మాడిన బువ్వ. ఇప్పుడు పటేలు తినలేదంటే పెండ్లోళ్లు ముక్కలు తీసి పక్కకు వెడ్తరు. ఆయనేమో వచ్చి మా నడుమ కూసుంటడు. ఆయన ఆకుల ఏసి, మా ఆకులు దాటి ఎట్ల పోతరు?"

"మరి ఆ గుండిగ వంచమనడం?"

"ఇంక ఉన్నదా లేదా చూసి, మాకు మారు ఏపిస్తందుకు. ఆయనకు షుగర్ బిడ్డా. రెండు ముద్దలు తింటే మస్తు."

పటేల్ నిచ్చెన దిగి వచ్చాడు. జయకృష్ణ లేచి నిలబడి, "ఆఖరి బంతి సంగతి నర్సమ్మ చెప్పిందండి" అన్నాడు.

పటేల్ మొహం దొంగతనం బయటపడ్డట్టు అయింది. "గా ముసల్ది గట్లనే అంటది. నాకు వంటోళ్ల మీద అనుమానం. అంతే! నువ్వు పో, పోయి ఆకు మార్చుకొని రా. సత్తయ్యా, పైపు ఇడువు. డ్రమ్ము నిండాలె."

ఆ సాయంత్రమే లెక్క సరిచేశారు. ఈసారి జయకృష్ణ, లిఖిత వంతులేసుకుని నూట ఇరవై నాలుగు పేర్లకీ టిక్కులు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూశారు. లిఖిత బొటనవేలికి గుడ్డ కట్టుకుంది. మర్నాడు పటేల్ వచ్చి, పైవాళ్లందరికీ టిక్కులు పెట్టుకుంటూ ఆఖరికి చేరాడు. నర్సమ్మ పేరు పక్కన ఖాళీ. కడిగిన విస్తరిలా ఉంది.

"ఇంకొక పేరు రాయి. నర్సమ్మ కింద."

"ఎవరిదండీ?"

"నాది."

"మీకు దేవరయాంజాల్‌లో బోరుంది కదండీ!"

"ఉంటే? నా డ్రమ్ము ఆఖరుకు ఉంటే, డ్రైవరు ఆఖరు దాంక పోయిండో లేదో నాకు ఎరుకైతది. అనుమానం పిల్లగా, అనుమానం."

నర్సమ్మ ఇంటి పక్కన నీలం డ్రమ్మొకటి వెలిసింది. దాని మీద తెల్ల రంగుతో 'సిద్దిరాములు' అని రాసి ఉంది. యజమాని డ్రమ్ము నింపకుండా బండి తిప్పే ధైర్యం ఏ డ్రైవరుకీ లేదు. అక్కడిదాకా వెళ్లినవాడు నర్సమ్మని దాటి పోలేడు. సాయంత్రానికి ఆ నీలం డ్రమ్ము ఖాళీ అయిపోయేది. ఆ నీళ్లు ఎవరు తోడుకుంటున్నారని పటేల్ ఎన్నడూ అడగలేదు. ఖాళీ డ్రమ్ము అడుగు చూసి కూడా ఆయన అనుమానపడనిది జీవితంలో అదొక్కచోటే.

ఉగాది రోజు రాజారావు పచ్చడి తిని, నేరుగా బస్తీకి వెళ్లాడు. సత్తయ్య ఫోను నొక్కుతూ ఇల్లిల్లూ తిరగడం గంటసేపు చూసి, "నువ్వు మా అబ్బాయి స్నేహితుడివి కాదు కదా?" అని అడిగి, కాదని తేలాకే తిరిగొచ్చాడు. స్టోర్సు మాట మళ్లీ ఎత్తలేదు.

మే నెలలో సత్తయ్య కూతురి పెళ్లి. మొదటి బంతికి పిలిస్తే జయకృష్ణ ఆకలి లేదన్నాడు. రెండో బంతికి ఇప్పుడే వస్తానన్నాడు. ఆఖరి బంతిలో నర్సమ్మకీ, డప్పులవాళ్లకీ మధ్య కూర్చున్న పటేల్ పక్కన వెళ్లి చతికిలబడ్డాడు. పటేల్ చెయ్యి ముద్ద మీద ఆగింది.

"నువ్వు ముందుగాల ఎందుకు తినలే? వంటల ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదండి. అడుగు చూద్దామని."

పటేల్ ఆ కుర్రాడి పాదాల దగ్గర మొదలుపెట్టాడు. మోకాళ్లు చూశాడు, చొక్కా గుండీలు చూశాడు, మెల్లగా పైకొచ్చి మొహం చూశాడు. చూసి నవ్వేశాడు.

అవతల ఆకువక్క నములుతున్న మనోరమ గొంతెత్తింది. "మూడు నెలలకే నీ మొకం దాంక వచ్చిండా కిష్ణా! నసీబున్నోడివి బిడ్డా. నాది ఎప్పుడొస్తదో జర గా ఫోన్ల చూసి చెప్పు!"